సకినమని పిలిస్తే కుక్క రాదా?

హనుమకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే కాసేపు నడిస్తే చాలు, సగం ప్రపంచం పేర్లు చెవిన పడతాయి. బ్రూనో, రాకీ, మాక్స్, లియో, సింబా, రాక్సీ. పిలిచేవాళ్ళేమో సమ్మయ్యలు, కొమురయ్యలు, స్వరూపలు, రాజిరెడ్డిలు. పిలిపించుకునేవాళ్ళలో మాత్రం తెలుగు పేరున్నవాడు ఒక్కడూ దొరకడు.

భాషాభిమానంతో ఈ మాట అనడం లేదు. నా ఫోను ఇంగ్లీషులోనే ఉంది, మా పిల్లల చదువు ఇంగ్లీషులోనే నడుస్తోంది. తెలుగును బతికించే బరువంతా తీసుకెళ్ళి కుక్కల మీద పెట్టడం అన్యాయమని నాకూ తెలుసు. నేననేది ఇంకొకటి. కుక్కకు పేరు పెట్టేటప్పుడు మనం కుక్కను చూడం, పక్కింటి వైపు చూస్తాం. ఆ పేరు ఎవరికి తగులుతుందో, ఎవరు గొడవకు వస్తారో అని జంకి, ఎవరికీ చెందని ఇంగ్లీషు పేరొకటి తగిలించి ఊపిరి పీల్చుకుంటాం. ఆ జంకు ఉత్తది కాదు. కానీ దానికి విరుగుడు మన ఇంట్లోనే, ఇంకా చెప్పాలంటే మన వంటింట్లోనే ఉందని నా వాదన.

పేరుతో పోతే బాగుండు. పేరు ఇంగ్లీషైతే దానితో మాటలు కూడా ఇంగ్లీషే అయిపోతాయి. సిట్, కమ్, నో, గుడ్ బాయ్. మా పెద్దమ్మ పుట్టింది, పెరిగింది నర్సంపేట దగ్గర పల్లెలో. కొడుకు హంటర్ రోడ్డు వైపు ఇల్లు కట్టుకుని ల్యాబ్రడార్‌ను తెచ్చుకున్నాడు, దానికి ఆస్కార్ అని పేరు పెట్టాడు. పెద్దమ్మ నోట్లో అది వారం తిరక్కుండానే ఆస్కారిగాడు అయింది. "ఏ ఆస్కారిగా, నో! నో అంటున్న గద! సిట్! ఇప్పుడే తింటివి, ఇంకేందిరా నీకు?" కోడలితో, మనవలతో, పాలవాడితో తెలుగే. ఆమె ఇంగ్లీషు మాట్లాడేది ఆ ఒక్క కుక్కతోనే. మన ఇళ్ళలో కుక్కలకు తెలుగు అర్థం కాదని ఎవరు చెప్పారో గానీ, అందరం నమ్మేశాం.

ఇక ఆ జంకు సంగతి. మా వాడకట్టులో ఒక పిల్లవాడు ఎక్కడినుంచో కుక్కపిల్లను ఎత్తుకొచ్చి, ముద్దొచ్చి దానికి రాజయ్య అని పెట్టబోయాడు. వాళ్ళమ్మ చేటతో సహా బయటికొచ్చింది. "ఏందిరా, మీ పెద్దబాపు పేరు కుక్కకు పెడ్తవా? ఆయన ఇంటే ఊకుంటడా?" కుక్క ఆ సాయంత్రానికే టామీ అయిపోయింది. టామీ అనే పెద్దబాపు ఎవరికీ లేడు కాబట్టి ఊరంతా ప్రశాంతం.

ఆమెను తప్పుపట్టలేను. మన దగ్గర పేరు ఒక మనిషిది మాత్రమే కాదు. తాత పేరు మనవడికి వస్తుంది, అవ్వ పేరు మనవరాలికి వస్తుంది. మొన్నమొన్నటి దాకా భార్య భర్త పేరు పలికేది కాదు, ఎవరైనా అడిగితే పక్కనున్న పిల్లలతో చెప్పించేది. మల్లన్న, రాజన్న, సమ్మక్క పేర్లు దేవుళ్ళవి, అవే మనుషులవి. ఇంత గౌరవంగా దాచుకున్న పేరును తీసుకెళ్ళి కుక్కకు పెడితే ఇంటివాళ్ళకు కోపం రాదా? పైగా కుక్క అనే మాటకు మన నోట్లో ఉన్న మర్యాద ఎంతని? వంకర పోనిది కుక్క తోక, చెప్పు దెబ్బ తినేది కుక్క కాటు, ఎవరూ కోరుకోనిది కుక్క బతుకు. సుమతీ శతకంలో బంగారు సింహాసనం ఎక్కించినా బుద్ధి మారనిది కూడా అదే.

ఈ కోపం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 2021 డిసెంబరులో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లా పాలితానాలో ఒకావిడ తన కుక్కను సోనూ అని పిలుచుకుంది. పక్కింటాయన భార్య ముద్దుపేరు కూడా అదే. మాటా మాటా పెరిగి ఆవిడ మీద కిరోసిన్ పోసి నిప్పంటించారు. రెండక్షరాల పేరు కోసం.

ప్రభుత్వాలు కూడా ఇందులో తక్కువ తినలేదు. 1941లో ఫిన్‌లాండ్‌లోని టాంపెరే నగరంలో ఒక మందుల వ్యాపారి ఇంట్లో జాకీ అనే కుక్క ఉండేది. అది ముందు కాలు పైకెత్తే తీరు చూసి ఇంట్లో దాన్ని సరదాగా హిట్లర్ అని పిలిచేవాళ్ళు. ఆ కబురు బెర్లిన్ దాకా పోయింది. ఒకపక్క ప్రపంచ యుద్ధం నడుస్తుంటే జర్మనీ విదేశాంగ శాఖ ఈ కుక్క మీద విచారణ జరిపించి, ఉత్తరాలు నడిపి, ఆ వ్యాపారిని కోర్టుకు లాగాలని చూసింది. సాక్ష్యం చెప్పేవాళ్ళు దొరక్క వదిలేసింది.

బెనిన్ దేశపు ఉత్తర భాగంలో ఉండే బాటోను జనం మాత్రం ఈ ఇబ్బందినే ఒక విద్యగా మార్చుకున్నారు. వాళ్ళు కుక్కలకు పెట్టే పేర్లు అసలు పేర్లే కావు, సామెతలు, సామెతల్లో ముక్కలు. పొరుగువాడితో మనసులో ఏదో ఉంటే ముఖం మీద అనరు. ఆ అర్థం వచ్చే సామెతను కుక్కకు పేరుగా పెట్టి, అతను అటుగా పోతున్నప్పుడు గట్టిగా కుక్కను పిలుస్తారు. తగలాల్సినవాడికి తగులుతుంది. నిలదీస్తే, నేను పిలిచింది నా కుక్కను కదా అనొచ్చు. అత్త మీద కోపం దుత్త మీద చూపించే మనకు ఇది ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో నాకు ఆశ్చర్యమే. మన అపార్ట్‌మెంట్లలో పార్కింగ్ తగాదాలకు బ్రహ్మాండంగా పనికొచ్చేది.

పడమటి దేశాలవాళ్ళు వేరే దారి పట్టారు. ఒకప్పుడు వాళ్ళ కుక్కలకూ కుక్క పేర్లే ఉండేవి. ఫిడో, రోవర్, స్పాట్, రెక్స్. అబ్రహాం లింకన్ ఇంట్లో ఉన్నది ఫిడోనే. ఇప్పుడు అమెరికాలో జాబితా ఏది చూసినా పైన కనిపించేవి బెల్లా, లూనా, చార్లీ, మాక్స్, లూసీ. బడిలో హాజరు పట్టీ తెరిచినట్టే ఉంటుంది. కుక్క పెరట్లోంచి హాల్లోకి, హాల్లోంచి మంచం మీదికి వచ్చింది, దాంతోపాటే పేరూ మారింది. వాళ్ళకు అందులో అవమానం కనబడదు.

అయితే వాళ్ళ చరిత్రలో కూడా ఈ వ్యవహారం అంత అమాయకంగా లేదు. సీజర్ అనే పేరునే తీసుకోండి. బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్ కుక్క పేరు సీజర్. 1910లో రాజు పోయినప్పుడు శవపేటిక వెనక అది నడిస్తే, దేశదేశాల రాజులు దాని వెనక నడవాల్సి వచ్చింది. కానీ అంతకు చాలా ముందే, అమెరికాలోనూ కరీబియన్ దీవుల్లోనూ తోటల యజమానులు తాము కొనుక్కున్న ఆఫ్రికా మనుషులకు ఇవే సీజర్, పాంపే, సిపియో పేర్లు పెట్టేవాళ్ళు. మనిషికి ఉన్న పేరు లాగేసి, నవ్వుకోవడానికి ఒక రోమన్ సేనాని పేరు తగిలించడం. కుక్కకూ అదే, బానిసకూ అదే. మన దగ్గర సీజర్ అనే డాబర్‌మన్‌ను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. పెట్టినవాళ్ళకు అది తెలియకపోవడం వాళ్ళ నేరమేమీ కాదు. కానీ అరువు తెచ్చుకున్న పేరుకు ఎవరినీ నొప్పించని గుణం ఉంటుందనుకోవడం మాత్రం భ్రమ. మనకు తెలియనివాళ్ళను నొప్పిస్తుంది, అంతే తేడా.

నాకు నచ్చింది తూర్పు దేశాల దారి. జపానులో పాతకాలపు కుక్క పేరంటే పోచీ, లేదా తెల్లదైతే షిరో. షిబుయా స్టేషన్ దగ్గర చనిపోయిన యజమాని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన హాచికో పేరులో ఉన్నది ఎనిమిది అనే అంకె. ఇప్పటి జపాను పిల్లలు ఏం పెడుతున్నారు? ముగి అని పెడుతున్నారు, అంటే గోధుమ, బార్లీ లాంటి ధాన్యం. కినాకో అని పెడుతున్నారు, అది వేయించిన సోయా పిండి. కొరియాలో కాంగ్ అంటే చిక్కుడు గింజ జాతిది, బోరి అంటే బార్లీ, దుబు అంటే సోయా పాల గడ్డ. లేత గోధుమ రంగు కుక్కను చూసి వేయించిన పిండి అని పిలవడంలో ఎంత ముద్దుందో చూడండి. ఎవరి తాతకూ తగలదు. కులం తెలియదు, మతం తెలియదు. పలకడానికి సులువు. చైనాలో వాంగ్‌ట్సాయ్ అనేది పల్లెల్లో పాత పేరు, ఇంటికి సంపద పెరగాలని. అందులోని వాంగ్ వాళ్ళ చెవికి కుక్క మొరుగులా కూడా వినిపిస్తుంది. కుక్క మొరిగినప్పుడల్లా ఇంటికి లక్ష్మిని పిలిచినట్టే.

ఊరకుక్కలకు రంగును బట్టి పేరు పెట్టడం మాత్రం అన్ని చోట్లా ఉంది. తుర్కియేలో కరాబాష్, అంటే నల్లతల. పోలండ్‌లో బురెక్, బూడిద గోధుమ రంగుది. రష్యావాళ్ళు ఆకారం, అరుపు కూడా చూస్తారు. గుండ్రంగా ఉంటే షారిక్. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో అంతరిక్షానికి పోయిన లైకా పేరుకు మొరిగేది అని అర్థం. అది మాస్కో వీధుల్లో పట్టుకున్న కుక్క. ఇంకా ముందు దాన్ని కుద్ర్యావ్కా, అంటే ఉంగరాల జుట్టుది, అని పిలిచేవాళ్ళు. మెక్సికోలో వీధిలోంచి ఇంట్లోకి చేరిన కుక్కను సోలోవినో అంటారు, తనంతట తనే వచ్చినోడు. మా ఊళ్ళల్లో ఇలా తనంతట తనే వచ్చినోళ్ళు ఇంటికొకరు ఉంటారు, పేరే లేదు.

అసలు మనకు ఈ సంప్రదాయం లేక కాదు. యముడి వాకిట ఉండే రెండు కుక్కలు శ్యామ, శబల. ఒకటి నల్లది, ఒకటి మచ్చలది, అంతే. నన్నయ భారతం మొదట్లోనే సరమ అనే కుక్క తన పిల్లను ఊరికే కొట్టారని జనమేజయుడిని నిండు సభలో నిలదీస్తుంది. భారతం చివర ధర్మరాజు వెంట నడిచే కుక్కకు మాత్రం పేరు లేదు. దాని కోసం ఆయన స్వర్గమే వద్దన్నాడు కానీ, దాన్ని ఏమని పిలిచేవాడో వ్యాసుడు రాయలేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కర్ణాటకలోని ఆతకూరు శాసనం. క్రీ.శ. 949-950 నాటిది. రాష్ట్రకూట రాజు మూడో కృష్ణుడు తక్కోలం దగ్గర చోళులను గెలిచిన రోజులు. ఆ యుద్ధంలో పోరాడిన మనలేరుడనే వీరుడు, ఏం కావాలో కోరుకోమంటే ఊళ్ళూ బంగారమూ అడగలేదు, కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు. తర్వాత ఆ కుక్క అడవిపందితో తలపడి, దాన్ని చంపి తనూ చచ్చిపోయింది. దాని పేరుతో రాయి నిలబెట్టి, ఆ రాతికి పూజ జరగడానికి భూమి కూడా ఇచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన కరీంనగర్ వైపు వేములవాడ చాళుక్యులు అదే రాష్ట్రకూటులకు సామంతులుగా ఉన్నారు. కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు తెలుగు కంద పద్యాలు చెక్కించింది కూడా ఆ కాలంలోనే. అంటే మన భాషలో కందం రాతి మీదికి ఎక్కుతున్న రోజుల్లో, పక్క నేల మీద ఒక కుక్క పేరు కూడా రాతికెక్కింది. కాళి. దేవత పేరు. ఎవరూ కొట్లాటకు రాలేదు, పైగా పూజ చేశారు. ఇప్పుడు అదే పేరు కుక్కకు పెట్టి చూడండి, సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో మీ ఇంటి ఫొటో తిరుగుతుంది. కామారెడ్డి దగ్గర రామారెడ్డిలో కాలభైరవుడి గుడికి పోయి, ఆయన వాహనమైన కుక్కకు దండం పెట్టి వచ్చేవాళ్ళం కూడా మనమే.

మన పల్లెల్లో ఎడ్లకు, ఆవులకు ఎన్ని పేర్లు! కర్రి, పుల్ల, మైల, బొల్లి. చర్మం రంగు, మచ్చ ఎక్కడుందో చూసి పెట్టేవి. మంద కుక్కలకూ అవే వచ్చేవి. వరంగల్‌లో ఉర్దూ కలిసిన నోళ్ళలో కాలూ, షేరూ, మోతీ కూడా ఉండేవి. మోతీ అంటే ముత్యం, ఎంత అందమైన పేరు! ఇవన్నీ ఎక్కడికి పోయాయంటే, జాతి కుక్క వచ్చాక రోడ్డు మీదికి పోయాయి. నాకు మండేది ఇక్కడే. డబ్బు పెట్టి కొన్న కుక్కకు బ్రూనో. గేటు బయట పడుకున్న కుక్కకు నల్లోడు, ఎర్రోడు, కుంటిది. ఒకే వీధిలో ఒకే బువ్వ తిన్నా పేరు వినగానే ఏది లోపలిదో ఏది బయటిదో తెలిసిపోతుంది. తెలుగు పేరు బీదరికానికి గుర్తు అయిపోయింది. మనుషుల్లో ఇది ఎప్పుడో జరిగింది, కుక్కల్లో ఇప్పుడు పూర్తయింది.

రంగు పేర్లనే మళ్ళీ తెచ్చుకుందామని మాత్రం అనను. నల్లోడు, కర్రోడు అనే మాటలు మన దగ్గర మనుషుల మీద కూడా విసురుతారు, అవి తగిలినవాళ్ళకు ఇంకా నొప్పి ఉంది. అందుకే జపానువాళ్ళలా గింజల దగ్గరికి, పిండి దగ్గరికి పోదాం అంటున్నాను. మనకేం తక్కువ? జొన్న, సజ్జ, కొర్ర, మక్క, నువ్వు. లేత పసుపు ఇండీ కుక్కకు, అంటే మన నాటు కుక్కకు, మక్క అని పెడితే సరిగ్గా సరిపోతుంది. ముడుచుకుని గుండ్రంగా పడుకునేదానికి సకినం కన్నా మంచి పేరు ప్రపంచంలో ఏ భాషలోనైనా ఉంటే చూపించండి. గరిజ, అరిసె, మలీద, గుడాలు. చెట్లూ పూలూ కావాలంటే ఇప్ప, మోదుగ, తునికి ఉన్నాయి, ములుగు అడవి దాకా పోతే ఇంకా బోలెడు దొరుకుతాయి.

ఈ మాట కాలనీలో అన్నప్పుడు అందరూ నవ్వారు. తిండి పేరు కుక్కకు పెడతారా అని ఒకాయన. ఆయన కుక్క పేరు ఓరియో. పై అంతస్తులో కుకీ ఉంది, ఎదురింట్లో కాఫీ ఉంది. బిస్కెట్టు పేరు పెట్టొచ్చట, సకినం పేరు పెట్టకూడదట. ఇక దీన్ని తిండి మీద గౌరవమని ఎలా అనుకోను?

పిలవడానికి సులువుగా ఉండాలి కదా అనేది ఇంకో అభ్యంతరం. అది నిజమే. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు రచయిత జెనోఫోన్ వేట గురించి రాస్తూ, కుక్క పేరు పొట్టిగా ఉండాలని చెప్పి 47 పేర్ల జాబితా ఇచ్చాడు. ప్రాణం, ఈటె, కాపలా, సంతోషం, అరుపు లాంటి అర్థాలున్నవి. అన్నీ ఆయన సొంత భాషలోవే, ఎక్కడినుంచీ అరువు తేలేదు. మక్క, ఇప్ప, నువ్వు ఆయన పరీక్షలో ఫస్టు క్లాసులో పాసవుతాయి. నిజానికి కుక్క తెలివిని మనం తక్కువ చేస్తున్నాం. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు గుర్తుపట్టి తెచ్చేదని 2011లో పరిశోధకులు ప్రకటించారు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2019లో చూపించిందేమంటే, చుట్టూ జనం మాట్లాడుతున్న గోలలో కూడా, తెలియని గొంతు పిలిచినా, కుక్క తన పేరు గుర్తుపడుతుంది. కుక్కకు కావలసింది ఒక శబ్దం, అది ఎప్పుడూ మారకుండా ఉండటం. ఆ శబ్దం లండన్‌దా, లింగాల ఘనపూర్‌దా అన్న పట్టింపు దానికి లేదు. ఉన్నదల్లా మనకే.

ఫ్రాన్స్‌లో అయితే జాతి కుక్క ఏ ఏడాది పుడితే ఆ ఏడాది అక్షరంతోనే పేరు పెట్టాలని కెన్నెల్ క్లబ్ నియమం. 1926 నుంచి నడుస్తోంది. 2025కు ఎ, 2026కు బి. కె, క్యూ, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ లాంటి కష్టమైన అక్షరాలు తీసేశారు కాబట్టి ఇరవయ్యేళ్ళకు ఒక చుట్టు పూర్తవుతుంది. పేరు వింటే వయసు తెలిసిపోతుంది. మనం వర్ణమాలతో ఇలాంటిది పెట్టుకుంటే ఙ, ఞ, ణ వచ్చిన ఏడాది పుట్టిన కుక్కల గతేమిటో ఊహించుకుని చాలాసేపు నవ్వుకున్నాను.

వీధికుక్కల మాట తీస్తే గొడవ పెరుగుతుందని తెలుసు. వాటి కాట్లు, పిల్లల మీద పడటం, రాత్రి బండి వెనక తరమడం నిజమైన బాధలు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల మీద ఒక ఉత్తర్వు ఇచ్చి, పదకొండు రోజులకే దాన్ని సవరించాల్సి వచ్చిందంటే ఇది ఎంత చిక్కో అర్థమవుతుంది. 2023 నాటి కేంద్ర నియమాల ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా అయిన కుక్క చెవికి చిన్న గాటు పెడతారు. ఆ గాటే దాని గుర్తింపు కార్డు. నేను చూసినంతలో, ఒక వీధిలో కుక్కకు పేరుంటే దాని చెవి గాటు గురించి పట్టించుకునేవాళ్ళూ ఉంటారు. "ఎర్రోనికి సూది పడ్డదా?" అని అడిగేవాళ్ళుంటారు. పేరు లేని గుంపుకు సూది గురించి ఎవరూ అడగరు, కుక్కల్ని పట్టుకుపోయే బండి ఎప్పుడొస్తుందని మాత్రమే అడుగుతారు. పేరు పెడితే కరవదని కాదు. పేరు పెట్టినవాడు జవాబు చెప్పాల్సి వస్తుంది, అదీ తేడా.

మా పక్కింట్లో ఈ మధ్య ఒక కుక్కపిల్లను తెచ్చారు. గేటు ముందు దొరికిన ఇండీ, లేత గోధుమ రంగు, కడుపు ఉబ్బుగా, మూతి కొసగా ఉంటుంది. నాలుగో తరగతి చదివే పాపతో నేను చాలాసేపు బేరమాడాను. సకినం అంటే ఒప్పుకోలేదు, మక్క అంటే ఒప్పుకోలేదు, కడుపు చూసి గరిజ అంటే మాత్రం కిలకిలా నవ్వి ఒప్పేసుకుంది. కుక్క కూడా రెండు పూటల్లో ఆ పేరుకు తిరిగి చూడటం నేర్చింది. తీరా టీకా వేయించి తెచ్చాక చూస్తే, వాళ్ళ డాడీ కార్డు మీద గ్యారీ అని రాయించాడు. ఆఫీసువాళ్ళు ఎవరైనా అడిగితే చెప్పడానికి బాగుండాలి కదా అన్నాడు. రెండో డోసుకు పోయినప్పుడు కొట్టేయించి తిరగరాయించే దాకా గ్యారీ అన్నవాళ్ళకు పలకొద్దని పాప కుక్కకు గట్టిగా చెప్పింది. తెలుగులోనే చెప్పింది.